స్వాల్‌బార్డ్‌లో వాతావరణ కొలతలకు బయలుదేరే ముందు

స్వాల్‌బార్డ్ ఆర్కిటిక్‌లోని నార్వే దీవులు. మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 నుంచి ఉన్న అక్కడి నీ ఒలెసుండ్ ఊరికి చేరకముందే ఫోనులో వైఫై, బ్లూటూత్ ఆపేయండి. అక్కడి రేడియో టెలిస్కోపుకు అవి అడ్డు.

• ఊరు దాటితే ధ్రువపు ఎలుగుబంట్ల భయం. తుపాకీ వాడటం వచ్చినవారు వెంట లేకుండా కదలకండి.

• లిథియం బ్యాటరీలు, పెన్సిలు తీసుకెళ్లండి. చలికి సిరా గడ్డకడుతుంది.

• లాగర్ (కొలతలను దాచే పరికరం) గడియారం యూటీసీలోనే, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలోనే ఉండాలి.

• సౌరవికిరణ మాపకం గాజు గుమ్మటంపై మంచు పేరుకుంటే గోకవద్దు. మెత్తని గుడ్డతో తుడిచి, తుడిచిన సమయం రాయండి.

• సెన్సర్ మార్చాలా? పాతదాన్ని వెంటనే పీకేయకండి. రెండూ పక్కపక్కనే కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు నడవాలి. లేదంటే పరికరాల తేడానే వాతావరణ మార్పుగా లెక్కకెక్కుతుంది. హడావిడిలో అందరూ ఎగ్గొట్టేది ఈ పనే! సెన్సర్ స్తంభం ఎత్తు, దగ్గర్లో కొత్తగా వెలిసిన గుడిసె, అన్నీ నమోదు పుస్తకంలో చేరాలి.