వ్యాపార ఇంగ్లీషు – 7వ పాఠం: కన్‌సైన్‌మెంట్

పోయిన పాఠంలో ఇన్‌వాయిస్ చూశాం. ఈసారి ఆ ఇన్‌వాయిస్‌తో పాటు లారీ ఎక్కే సరుకు సంగతి. తాడిపత్రి బండల ఫ్యాక్టరీల్లో, ప్రొద్దుటూరు బట్టల అంగళ్ళలో, కర్నూలు ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో ఈ మాట రోజూ వినబడుతుంది. సరిగ్గా వాడేవాళ్ళు మాత్రం తక్కువ.

ముందు పలకడం. స్పెల్లింగులో మధ్యన 'జి' ఉంటుంది, నోటితో అనకూడదు. డిజైన్‌లో 'జి' ఎలా మింగేస్తామో ఇక్కడా అంతే. కన్‌-సైన్‌-మెంట్, ఒత్తు 'సైన్' మీద.

అర్థం: చేర్చమని గానీ, అమ్మిపెట్టమని గానీ ఒకరు ఇంకొకరికి అప్పగించిన సరుకు. అప్పగించడం వేరు, అమ్మడం వేరు. ఈ తేడా పాఠం చివర్లో డబ్బుల దగ్గర తేలుతుంది.

మనవాళ్ళు దీన్ని 'లోడు' అనేస్తారు. లోడంటే లారీలో ఉన్న మొత్తం. ధర్మవరం నుంచి బెంగుళూరు పోయే పార్సిల్ లారీలో 30 మంది సరుకుంటే లోడు ఒక్కటే, కన్‌సైన్‌మెంట్లు 30. ఒక్కోదానికి ఒక్కో ఎల్ఆర్, అంటే ట్రాన్స్‌పోర్టు వాళ్ళిచ్చే లారీ రసీదు. ఆ ఎల్ఆర్ కాగితానికే కన్‌సైన్‌మెంట్ నోట్ అని పేరు. అందుకే మెసేజ్ పెట్టేటప్పుడు "అవర్ లోడ్ నాట్ కమ్" అని రాస్తే అవతలి గుమస్తాకు ఏదని వెతకాలో తెలియదు. ఇలా రాయండి:

"అవర్ కన్‌సైన్‌మెంట్ అండర్ ఎల్ఆర్ నంబర్ 4127 హాజ్ నాట్ రీచ్డ్ బెంగళూరు. ప్లీజ్ చెక్."

పంపినవాడు కన్‌సైనర్, అందుకునేవాడు కన్‌సైనీ. తికమక పడేవాళ్ళు ఎంప్లాయర్, ఎంప్లాయీ గుర్తు పెట్టుకుంటే చాలు. చివర 'ఈ' ఉన్నవాడు పుచ్చుకునే వైపు. పేయీ, లెసీ కూడా ఇదే జాతి.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. కన్‌సైనీ అంటే కొన్నవాడే అనుకోవడం. లెక్కలు రాసుకునే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌వాయిస్ తెరిస్తే రెండు గళ్ళు కనిపిస్తాయి: కన్‌సైనీ దగ్గర 'షిప్ టు', బయ్యర్ దగ్గర 'బిల్ టు'. తాడిపత్రి ఫ్యాక్టరీ నుంచి బెంగుళూరు వ్యాపారి బండలు కొన్నాడు. దించాల్సింది మాత్రం హోసూరులో కడుతున్న ఇంటి దగ్గర. బయ్యర్ గడిలో వ్యాపారి పేరు, కన్‌సైనీ గడిలో హోసూరు అడ్రసు రావాలి. రెండింట్లోనూ వ్యాపారి పేరే కొట్టేస్తే లారీ అంగడికి పోతుంది. మళ్ళీ ఎక్కించాలి, మళ్ళీ దించాలి. హమాలీ రెండింతలు, పగిలే బండలు అదనం.

ఈ మాట కనిపించే ఇంకో చోటు ఈ-వే బిల్లు, అంటే సరుకు బండితో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం. అందులో 'కన్‌సైన్‌మెంట్ వాల్యూ' అని ఉంటుంది. రాష్ట్రం దాటే సరుకు విలువ రూ.50,000 మించితే ఈ-వే బిల్లు తీయాలి. ఆ విలువలో జీఎస్టీ కూడా కలుస్తుంది, చాలామంది దాన్ని వదిలేసి చూసుకుంటారు. పట్టుచీరల బిల్లు రూ.48,000 అనుకోండి. 5 శాతం పన్ను రూ.2,400 కలిపితే రూ.50,400. ఈ-వే బిల్లు లేకుండా దారిలో తనిఖీకి బండి ఆగితే "సరుకు 48 వేలదే సార్" అన్న మాట పనికిరాదు. పన్ను లేని పచ్చి ఉల్లిగడ్డలకు ఈ గొడవ లేదు.

సరుకు పగిలి వస్తే? ఎల్ఆర్ మీద "రిసీవ్డ్ ఇన్ గుడ్ కండిషన్" అని సంతకం పెట్టేశాక ఎంత అరిచినా బలం ఉండదు. ముందు లెక్కపెట్టి, సంతకానికి పైన రాయండి: "టూ బండిల్స్ షార్ట్, త్రీ స్లాబ్స్ బ్రోకెన్." 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం ప్రకారం, ట్రాన్స్‌పోర్టు వాళ్ళ మీద దావా వేయాలంటే సరుకు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపల రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. 180 రోజులు లెక్కపెట్టాల్సింది బుక్ చేసిన తేదీ నుంచి, సరుకు అందిన తేదీ నుంచి కాదు.

ఇక అసలు ముడి. ఈ రెండు వాక్యాలు చూడండి.

"వీ సెంట్ ఎ కన్‌సైన్‌మెంట్ ఆఫ్ 10 శారీస్."
"వీ సెంట్ 10 శారీస్ ఆన్ కన్‌సైన్‌మెంట్."

మొదటిది 10 చీరల సరుకు పంపామని మాత్రమే చెబుతుంది. అమ్మామో లేదో అందులో లేదు. రెండోది వ్యాపార షరతు: అమ్ముడైతే డబ్బు, లేకపోతే చీర వాపసు. 'ఆన్' అన్న ఆ చిన్న మాట చూసుకోకుండా ఒప్పుకుంటే, నెలాఖరుకు డబ్బు వస్తుందని కూర్చున్న నేతగాడికి చీరలే తిరిగొస్తాయి.

లెక్క ఇలా నడుస్తుంది. చీర రూ.8,000 చొప్పున 10 పంపారు, అంగడికి కమీషన్ 10 శాతం. 6 అమ్ముడైతే రూ.48,000. అందులో కమీషన్ రూ.4,800 పోగా చేతికి వచ్చేది రూ.43,200. మిగిలిన 4 చీరలు అంగడి బీరువాలో ఉన్నా పంపినవాడివే, అతని స్టాకు లెక్కలోనే ఉండాలి. అంగడాయన వాటిని కొనుగోలు కింద రాసుకుంటే రెండు పుస్తకాలూ తప్పుతాయి. అంగడి నుంచి వచ్చే లెక్క కాగితాన్ని 'అకౌంట్ సేల్స్' అంటారు. కర్నూలు రైతు తాడేపల్లిగూడెం మండీకి ఉల్లిగడ్డలు పంపితే కమీషన్, హమాలీ, లారీ బాడుగ తీసేసి తక్‌పట్టీ ఇస్తారే, ఇంచుమించు అదే. ధర పడిపోతే నష్టం మండీది కాదు, పంపినవాడిదే.

జీఎస్టీ ఉన్నవాళ్ళకు ఒక మాట. వాపసు షరతు మీద పంపిన సరుకు అమ్ముడైనప్పుడు, లేదా పంపిన రోజు నుంచి 6 నెలలకు, ఏది ముందైతే అప్పటికి ఇన్‌వాయిస్ కొట్టాలి. అంగడాయన తన పేరుతోనే బిల్లులిచ్చే కమీషన్ ఏజెంటైతే లెక్క మారుతుంది, ఆడిటరును అడగండి.

అభ్యాసం. జవాబులు మూసి చేయండి.

1. "ద డాష్ షుడ్ సైన్ ద ఎల్ఆర్ ఆఫ్టర్ కౌంటింగ్ ద బండిల్స్." కన్‌సైనరా, కన్‌సైనీయా?
2. బిల్లు రూ.47,000, పన్ను 5 శాతం, సరుకు బళ్ళారికి. ఈ-వే బిల్లు కావాలా?
3. ఒకే లారీలో ఇద్దరు వ్యాపారుల పసుపు బస్తాలు కడప నుంచి చెన్నైకి పోతున్నాయి. కన్‌సైన్‌మెంట్లు ఎన్ని?
4. "అమ్మినంతవరకే డబ్బిస్తాం" అని అంగడాయన అన్నాడు. ఇంగ్లీషులో ఎలా రాస్తారు?

జవాబులు: 1. కన్‌సైనీ. 2. మొత్తం రూ.49,350 కాబట్టి అక్కర్లేదు. 3. రెండు. 4. "వీ విల్ టేక్ ద గూడ్స్ ఆన్ కన్‌సైన్‌మెంట్ అండ్ పే ఓన్లీ ఫర్ వాట్ వీ సెల్." దీంతో పాటు కమీషన్ శాతం, వాపసు గడువు, దారిలో పాడైతే ఎవరు భరించాలి అన్నవి కూడా అదే మెయిల్లో రాయించుకోండి.