క్వారీలో పెద్ద బండలను బ్రేకర్‌తో పగలగొట్టే విధానం

మన కంకర క్వారీల్లో ఎక్కువగా దొరికేది గ్రానైట్, నైస్ జాతి గట్టి రాయి. బ్లాస్టింగ్ తరువాత మిగిలే పెద్ద బండలను రాయిని నలిపి కంకర చేసే క్రషర్ దాకా తీసుకెళ్లకుండా, ఎక్స్‌కవేటర్ చేతికి బిగించే సుత్తి యంత్రమైన బ్రేకర్‌తో అక్కడే విడగొట్టుకోవాలి. రెండు దవడల మధ్య రాయిని నలిపే జా క్రషర్ నోటి వెడల్పులో సుమారు 80 శాతానికి మించిన రాయి అందులో ఇరుక్కుంటుంది. అంటే నోరు 900 మిల్లీమీటర్లయితే 720 దాటిన బండను పక్కకు తీయాలి. రాళ్ల పోగు మీదనే కొడితే బండ దొర్లి యంత్రం మీదికి వస్తుంది కనుక, చదునైన గట్టి నేల మీద విడివిడిగా పరచుకోవడం మేలు.

మొదట ప్రతి బండ చుట్టూ తిరిగి చూడాలి. పాత డ్రిల్లింగ్ రంధ్రం అడుగు కనిపిస్తే అందులో పేలని మందు మిగిలి ఉండవచ్చు. లైసెన్సు ఉన్న బ్లాస్టర్ పరీక్షించి సరేననే వరకు దాని జోలికి పోకూడదు. ఎంత తొందరలో ఉన్నా ఈ తనిఖీని మాత్రం వదలవద్దు. అప్పుడే సహజమైన బీటలను కూడా గుర్తించి సుద్దతో గీసుకుంటే సగం పని తేలికవుతుంది.

బ్రేకర్ ఉలిని రాతి ముఖానికి లంబంగా ఆనించి, ఎక్స్‌కవేటర్ ముందుభాగం కాస్త పైకి లేచేంత బరువు మోపిన తరువాతే దెబ్బ మొదలుపెట్టాలి. బండ నడుమ కాక, బీటకు దగ్గరగా ఉన్న అంచు నుంచి కొట్టుకుంటూ రావాలి. 15, 20 సెకన్లలో చీలకపోతే చోటు మార్చాలి. ఒకే చోట కొడుతూ ఉంటే రాయి పొడి అవుతుందే తప్ప పగలదు, పైగా మొన వేడెక్కి మెత్తబడుతుంది. ఖంగుమనే శబ్దం బొంగురుపోయిందంటే లోపల చీలిక సాగుతున్నట్టే. రాయి విడిపోయిన క్షణమే దెబ్బ ఆపాలి, ఎందుకంటే గాలిలో పడే ఖాళీ దెబ్బలు బోల్టులను తెంచేస్తాయి. ఉలిని గునపంలా వాడి బండలను పెకలించడం కూడా తగదు. సుమారు రెండు గంటలకోసారి, ఉలిని నేలకు నొక్కి బ్రేకర్ లోపలికి పోనిచ్చి, గ్రీజు పట్టించాలి.

ఈ రాళ్ల ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది కనుక కొడుతున్నంతసేపూ నీళ్లు చల్లుతూ ఉండాలి, క్యాబిన్ అద్దాలు మూసి ఉంచాలి, రాతి చెక్కలు ఎగిరే దూరంలో మనుషులు ఉండకూడదు.

బండకు మళ్లీ మందు పెట్టి పేల్చడాన్ని చివరి మార్గంగానే ఉంచుకోవాలి. అన్ని వైపులా తెరిచి ఉన్న రాయి ముక్కలు చాలా దూరం ఎగురుతాయి. ఇళ్ల దగ్గర బ్రేకర్ శబ్దం, అదురు కూడా కుదరనప్పుడు, రంధ్రాలు వేసి వ్యాకోచించే పొడిని నీళ్లతో కలిపి నింపితే కొన్ని గంటల్లో బండ తనంతట తానే చీలుతుంది. వేడికి ఆ మిశ్రమం పైకి చిమ్మవచ్చు కనుక కళ్లద్దాలు పెట్టుకున్నా సరే రంధ్రం మీదికి వంగి చూడకూడదు.