తాళాలు విప్పి పిన్నులు మార్చే ముందు: పనిముట్ల ఎంపికలో జాగ్రత్తలు

తాళాలు విప్పి, లోపలి పిన్నులు మార్చి, మళ్ళీ బిగించడం సరదాగా నేర్చుకోవాలనుకునేవారు చాలామంది ముందు పనిముట్ల పెట్టె కొని, ఆ తరువాత తాళం కోసం వెదుకుతారు. ఈ వరుసను తిరగేయడమే మొదటి జాగ్రత్త. మీ సొంతదై, ఏ తలుపుకూ బిగించని, తాళంచెవి ఉన్న ఒక మామూలు పిన్ తాళాన్ని ఎంచుకుని, దాని కొలతలు తీసుకున్నాకే పనిముట్లు కొనాలి. వాడుకలో ఉన్న తాళంతో సాధన చేయకూడదు. ఒక్క స్ప్రింగు కనబడకుండా పోయినా ఆ రాత్రి తలుపుకు తాళం ఉండదు.

లైనస్ యేల్ జూనియర్ 1860లలో పేటెంట్లు పొందిన ఈ తాళాల మూలసూత్రం నేటికీ అదే. తాళంచెవితో పాటు తిరిగే ఇత్తడి ప్లగ్‌లో కింది పిన్నులు, వాటిపైన ప్లగ్ చుట్టూ కదలకుండా ఉండే గుల్లలో డ్రైవర్ పిన్నులు, ఆపైన స్ప్రింగులు ఉంటాయి. ప్లగ్ బయటికి వస్తే డ్రైవర్ పిన్నులను ఆపేది ఏదీ ఉండదు కనుక, ప్లగ్ వెనకాలే దాదాపు అంతే మందం గల కడ్డీ ఒకటి లోపలికి జరగాలి. దీనినే ఫాలోవర్ అంటారు. డబ్బు, శ్రద్ధ ఎక్కువగా పెట్టవలసింది దీనిమీదే. మిగతా పనిముట్లు ఓ మోస్తరువైనా సరిపోతాయి.

అమెరికా తరహా తాళాలలో ప్లగ్ వ్యాసం చాలావరకు అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు ఉంటుంది. యూరప్ తరహా సిలిండర్లలో 13 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంచనాకు వదలకుండా క్యాలిపర్‌తో కొలిచి, ప్లగ్ కంటే వెంట్రుకవాసి సన్నగా ఉన్న ఫాలోవర్ తీసుకోవాలి. మరీ సన్ననిదైతే డ్రైవర్ పిన్ను పక్కకు ఒరిగి ఇరుక్కుంటుంది. త్రీడీ ప్రింటర్‌తో చేసిన వాటిమీద పొరల గీతలు పిన్నులకు తగులుకుంటాయి కనుక, నున్నని గట్టి ప్లాస్టిక్ ఫాలోవరే నయం. రెండువైపులా తాళంచెవి పెట్టే యూరప్ సిలిండర్‌లో పొడవాటి కడ్డీ వెనకనుంచి దూరే దారి ఉండదు. నడుమ ఖాళీలోంచి ఒకదాని వెనక ఒకటి పెట్టే పొట్టి ముక్కల ఫాలోవర్ కావాలి.

ప్లగ్‌ను తోసేముందు తాళంచెవిని లోపలే ఉంచి కొద్దిగా, ఇరవై ముప్పై డిగ్రీలకు మించకుండా తిప్పాలి. అరచుట్టు తిప్పితే కొన్ని తాళాలలో డ్రైవర్ పిన్నులు తాళంచెవి సందులోకి జారిపడతాయి. ఫాలోవర్ అంచుకూ ప్లగ్ వెనుక అంచుకూ మధ్య సందు ఏ క్షణంలోనూ ఏర్పడకూడదు.

అసలు ప్రమాదం దీనికి ముందే, ప్లగ్‌ను పట్టి ఉంచే సర్‌క్లిప్ తీసేటప్పుడు పొంచి ఉంటుంది. బిగువుమీదున్న ఆ ఉక్కు ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేము కాబట్టి, కళ్ళద్దాలున్నవారు సైతం రక్షణ కళ్ళద్దాలు పెట్టుకుని, పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి ఈ పని చేయడం మంచిది. అరచేతిలో తాళాన్ని పట్టుకుని స్క్రూడ్రైవర్‌తో పొడిచేవారి చేతికి గాయం కావడానికి ఒక్క జారుడు చాలు. క్లిప్పుకు తగిన ప్లయర్ కొని, తాళాన్ని గుడ్డ చుట్టి వైస్‌లో బిగించాలి.

పిన్నులు ఎత్తడానికి మొనల్లో గాడి ఉన్న ట్వీజర్స్, వాటిని వరుస తప్పకుండా పెట్టడానికి గళ్ళ పళ్ళెం అవసరం. పిన్నుల్లో ఒక కొలతకూ దాని తరువాతి కొలతకూ పొడవులో తేడా ష్లేగ్ కంపెనీ తాళాల్లో సుమారు 0.38, క్విక్‌సెట్ కంపెనీవాటిలో 0.58 మిల్లీమీటర్లు కనుక, ఒకదాని పిన్నుల కిట్ మరొకదానికి పనికిరాదు.

తాళంచెవి పెట్టినప్పుడు పిన్ను తల ప్లగ్ ఉపరితలం దాటితే ఆకురాయితో అరగదీయమని కొందరు చెబుతారు. అలా చేస్తే పిన్నుతో పాటు ప్లగ్ కూడా అరిగి తాళం వదులవుతుంది. సరైన కొలత పిన్ను వేయడమే పద్ధతి. తప్పనిసరై అరగదీస్తే, ఇత్తడిలో చాలా రకాలకు సీసం కలుపుతారు కనుక ఆ పొడిని ఊదకుండా తడిగుడ్డతో తుడిచి, ఏమైనా తినేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

బిగించిన తాళం ఎప్పుడైనా తలుపుకు వెళ్ళవలసి వస్తే, ముందు తలుపు తెరిచి ఉంచి, ఉన్న తాళంచెవులన్నిటితోనూ పలుమార్లు తిప్పిచూసి, ఏదీ పట్టేయలేదని తేలాకే తలుపు మూయాలి.