తగ్గని నొప్పిలో విశ్వాసం: మంచం మీద నుంచే చేయగలిగిన పనులు

నొప్పి నెలల తరబడి సాగితే ముందుగా చెదిరేది దినచర్య. తెల్లవారుజామున మోకాళ్ల మీద చేసే ప్రార్థన ఆగిపోతుంది. వాక్యం తెరిస్తే మూడో వచనానికే దృష్టి జారిపోతుంది. ఆదివారం అంతసేపు కూర్చోలేక ఆరాధనకు వెళ్లడం మానేస్తారు. కొన్నాళ్లకు "నా విశ్వాసం పోయింది" అనే మాట నోట్లోంచి వచ్చేస్తుంది. చాలామంది విషయంలో అది నిజం కాదు. ఒళ్లు బాగున్నప్పుడు పెట్టుకున్న అలవాట్లను ఈ ఒళ్లు మోయలేకపోతోంది, అంతే. కాబట్టి అలవాట్లను ఇప్పుడున్న శక్తికి తగ్గట్టు కుదించుకోవాలి. ఆ ఏర్పాటు కూడా నొప్పి కాస్త తక్కువున్న రోజునే చేసి పెట్టుకోవాలి. నొప్పి ముదిరిన రాత్రి కూర్చుని ప్లాన్ వేసుకోవడం ఎవరివల్లా కాదు.

ముందు మాత్ర, తర్వాత ప్రార్థన

డాక్టర్ ఇన్ని గంటలకొకసారి అని రాసిన నొప్పి మందును, భరించలేనంత అయ్యేదాకా వాయిదా వేయడం భక్తిపరులలో తరచూ కనిపించే పొరపాటు. ఓర్చుకోవడం ఆత్మీయత అనిపిస్తుంది. కానీ నొప్పి బాగా ముదిరాక అదే మాత్ర సరిగా పనిచేయదు, నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే మర్నాడు నొప్పి మరింత ఎక్కువగా తెలుస్తుంది. మామూలు నొప్పి మాత్ర పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ప్రార్థన ఆ తర్వాత పెట్టుకోండి.

మందు వేసుకోవడం అవిశ్వాసం అనేవాళ్లకు బైబిల్లోనే జవాబుంది. జబ్బుపడిన హిజ్కియా రాజుకు స్వస్థత వాగ్దానం చేసిన అదే సందర్భంలో యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలు తిమోతికి రాశాడు. ఆ పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడు. సిలువ దగ్గర నొప్పి తెలియకుండా ఇవ్వబోయిన, బోళము కలిపిన ద్రాక్షారసాన్ని యేసు తీసుకోలేదు కదా అని కొందరు అడుగుతారు. అది ఆయన ఒక్కడే తాగవలసిన గిన్నె, అంటే ఆయన ఒక్కడే పడవలసిన బాధ విషయం, మన మాత్రల విషయం కాదు. అదే సిలువ మీద ఆయన తన దాహాన్ని దాచుకోలేదు, నోరు తెరిచి చెప్పాడు.

ఉపవాసం కూడా ఇక్కడే చెప్పాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే పొట్టను పాడుచేసే నొప్పి మాత్రలు ఉన్నాయి. షుగర్ మందులు వాడేవాళ్లు తిండి మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. డాక్టర్‌ని అడగకుండా తిండి, మందు మానకండి. ఉపవాసం ఉండాలనే ఉంటే ఫోన్, టీవీ, వాదనలు మానుకోండి.

మూడు రకాల రోజులకు ఒక కార్డు

అరచేతిలో పట్టేంత అట్టముక్క తీసుకుని దాని మీద మూడు భాగాలు రాసుకోండి: బాగున్న రోజు, ఓ మోస్తరు రోజు, లేవలేని రోజు. ఏ రోజు ఏం చేయాలో ఎదురుగా రాయండి. బాగున్న రోజుకు పదిహేను నిమిషాలు: సువార్తలో ఒక చిన్న భాగం, ఇద్దరి కోసం పేరు పెట్టి ప్రార్థన. ఓ మోస్తరు రోజుకు ఒక చిన్న కీర్తన, ఒక్క మనవి. లేవలేని రోజుకు ఒకే ఒక్క వాక్యపు ప్రార్థన. అది అయితే ఆ రోజు ప్రార్థన అయినట్టే. మిగతాది మర్నాడు బాకీ కింద మోయకూడదు.

కీర్తనలు ఎంచుకునేటప్పుడు పొడవు చూసుకోండి. 117లో రెండే వచనాలు. 131, 134లో మూడేసి. 13లో ఆరు, 130లో ఎనిమిది, 6లో పది. 102వ కీర్తనకు శీర్షికే దుఃఖంతో సొమ్మసిల్లినవాడు పెట్టిన మొర అని ఉంటుంది, కానీ అది పొడవు, బాగున్న రోజుకు ఉంచుకోండి. 176 వచనాల 119ని ఒక్క రోజులో పూర్తి చేస్తానని పట్టుబట్టకండి. కొన్ని మందులు మగతను తెస్తాయి, అక్షరాలు అలుక్కుపోతాయి. అప్పుడు ఆడియో బైబిల్ పెట్టుకుని వినండి. విన్నదీ వాక్యమే.

లేవలేని రోజుకు ఊపిరి ప్రార్థన బాగా ఉపయోగపడుతుంది. గాలి లోపలికి తీసుకుంటూ మనసులో "యేసు ప్రభువా", వదులుతూ "నన్ను కరుణించు". యెరికో దారిలో గుడ్డివాడు యేసును చూసి వేసిన కేక ఇలాంటిదే. వదిలే ఊపిరి తీసుకున్నదానికంటే కాస్త పొడవుగా ఉండనివ్వండి. పదిసార్లు చాలు. గట్టిగా, వేగంగా పీలిస్తే తల తిరుగుతుంది. పక్కటెముకల్లో, ఛాతీలో నొప్పి ఉన్నవాళ్లు ఊపిరిని లోతు చేయకుండా, వచ్చే ఊపిరికే మాటలు జతచేయాలి. అదీ కుదరకపోతే మూలగండి. మనం ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఆత్మ మాటలకందని మూలుగులతో విజ్ఞాపన చేస్తాడని రోమా 8లో ఉంది. ఆ వచనం ఎక్కువగా పనికొచ్చేది ఇలాంటి రాత్రే.

భంగిమ గురించి బాధపడొద్దు. హిజ్కియా మంచం మీద గోడవైపు తిరిగి ప్రార్థించాడు, దేవుడు విన్నాడు.

మొర పెట్టడం ఎలా

ఇది చాలామందికి ఎవరూ నేర్పలేదు. స్తుతితోనే మొదలుపెట్టాలని, ఫిర్యాదు చేస్తే పాపమని అనుకుంటారు. కీర్తనల్లో మాత్రం మొరలు చాలా ఉన్నాయి. 13వ కీర్తన తెరిచి దాని నిర్మాణం చూడండి. మొదటి రెండు వచనాలు దేవుని ముఖం మీదే అడిగిన ప్రశ్నలు: ఇంకెన్నాళ్లు, నన్ను మరిచిపోయావా? తర్వాత రెండు వచనాలు మనవి. చివరి రెండింటిలో నమ్మకం. ఆ క్రమాన్నే వాడుకుని మీది రాసుకోండి. ముందు ఎవరితో మాట్లాడుతున్నారో ఒక్క మాట. తర్వాత ఫిర్యాదు, మెరుగులు దిద్దకుండా. తర్వాత గంటల్లో కొలవగలిగినంత చిన్న మనవి. చివర, నిజంగా అనగలిగితేనే, నమ్మకం. ఇలా ఉండొచ్చు:

"ప్రభువా, నువ్వు వింటావనే మాట్లాడుతున్నాను. రాత్రి రెండింటి నుంచి నడుము మండిపోతోంది. ఏ పక్కకు తిరిగినా తగ్గలేదు. ఇంట్లోవాళ్లను మళ్లీ లేపాల్సి వచ్చింది, నాకు సిగ్గుగా ఉంది. నువ్వెందుకు ఊరుకున్నావో తెలియదు, నీ మీద కోపంగా ఉంది. తెల్లవారేదాకా నిద్ర ఇవ్వు. ఇవ్వకపోతే తెల్లవారేదాకా నాతో ఉండు."

ఇందులో తప్పిపోయే చోట్లు రెండు. ఫిర్యాదు సగంలో ఉండగానే "అయినా నీకు స్తోత్రం" అని దూకేస్తే చెప్పవలసింది లోపలే మిగిలిపోయి, తర్వాత చేదుగా బయటికొస్తుంది. రెండోది, దేవుని గురించి అందరికీ ఫిర్యాదు చేసి ఆయనకు మాత్రం చెప్పకపోవడం. ఎన్నో బాధలు పడ్డ యోబు తన ఘాటైన మాటలను దేవునితోనూ అన్నాడు. చివరికి దేవుడు కోప్పడింది యోబు స్నేహితుల మీద, తన గురించి యోబులా సరిగా మాట్లాడలేదని.

నమ్మకపు మాట నోటికి రాకపోతే వదిలేయండి. 88వ కీర్తనలో మలుపే లేదు, అది చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా అది గ్రంథంలో ఉంది. ఆ రోజుకు 88 చదివి ఊరుకోవచ్చు. లేదా మార్కు 9లో కొడుకు కోసం వచ్చిన తండ్రి మాట తీసుకోండి: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." నమ్మకం, అపనమ్మకం ఒకే వాక్యంలో ఉన్నాయి. యేసు ఆ మనిషిని పంపించేయలేదు.

స్వస్థత అడగడం

అడగండి, సిగ్గుపడకండి. యాకోబు పత్రిక 5లో రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని, వాళ్లు నూనె రాసి ప్రార్థించాలని ఉంది. పాస్టరుగారు తనంతట తానే వస్తారని ఎదురుచూసి నొచ్చుకోవడం కన్నా ఫోన్ చేసి పిలవడం వాక్యానుసారం. ప్రభురాత్రి భోజనం ఇంటికి తెమ్మని కూడా అడగండి. మింగడం కష్టమైతే ముందే చెప్పండి, చిన్న ముక్క చాలు.

జవాబు రాకపోతే? పౌలు తన శరీరంలోని ముల్లు గురించి మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అనే మాట వచ్చింది. సిలువకు ముందు గెత్సేమనే తోటలో యేసు కూడా ఆ బాధల గిన్నె తొలగించమని అడిగాడు, అడిగాకే తండ్రి చిత్తానికి అప్పగించాడు. ఈ క్రమం ముఖ్యం. అడగకుండానే "నీ చిత్తం" అనడం కొన్నిసార్లు లోబడటం కాదు, ఆశ చంపుకోవడం. తన సహచరుడు త్రోఫిము రోగంతో ఉంటే మిలేతులో విడిచిపెట్టి వచ్చానని పౌలు రాశాడు. అద్భుతాలు చేసిన అపొస్తలుడు ఆ మాట రాయడానికి సంకోచించలేదు. "స్వస్థపడ్డాను" అని ముందే సాక్ష్యం చెప్పమని ఎవరైనా ఒత్తిడి చేస్తే చెప్పకండి. నొప్పి ఉందంటే ఉందనండి. స్వస్థత వచ్చిందని మీకనిపించినా డాక్టర్ చూసి తగ్గించేదాకా మందులు ఆపకండి. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం.

"ఏదైనా పాపం దాచావేమో" అనేవాళ్లు తప్పక వస్తారు. పుట్టుగుడ్డివాడి గురించి శిష్యులూ ఇదే అడిగితే వీడైనా వీడి తల్లిదండ్రులైనా పాపం చేయలేదని యేసు చెప్పాడు (యోహాను 9). సిలోయము గోపురం కూలి చచ్చిన పద్దెనిమిది మంది మిగతావాళ్ల కంటే పాపులు కారనీ అన్నాడు. వాదించే ఓపిక ఉండదు కాబట్టి ఒక మాట సిద్ధంగా పెట్టుకోండి: "ప్రార్థన చేసి వెళ్లండి, కారణాల గురించి ఇప్పుడు మాట్లాడలేను." ఒప్పుకోవలసిన పాపం నిజంగానే గుర్తొస్తే ఒప్పుకోండి. అది నొప్పి ఉన్నా లేకున్నా చేసేదే. గుర్తురాకపోతే తవ్వుకోకండి.

ఇది విశ్వాసం సమస్యేనా?

రెండు వారాలుగా దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉన్నా, ప్రార్థనే కాదు ఇష్టమైన ఏ పనీ రుచించకపోయినా డిప్రెషన్ అనుమానించాలి. దీర్ఘకాలపు నొప్పి ఉన్నవాళ్లలో అది మామూలే, దానికి వైద్యం ఉంది. స్టెరాయిడ్లు వాడేటప్పుడు నిద్ర పట్టకపోవడం, చిరాకు, మనసు మారిపోవడం ఉంటాయి, అవి కూడా ఆత్మీయ పతనంలా కనిపిస్తాయి. డాక్టర్‌కి ఈ మాటలే చెప్పండి. చనిపోతే బాగుండు అనిపిస్తుంటే అదే రోజు ఇంట్లో ఒకరికి, డాక్టర్‌కి చెప్పాలి, ఒంటరిగా ఉండకూడదు. ఏలీయా ప్రవక్త చావు కోరుకున్నప్పుడు దేవదూత మందలించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, పడుకోనిచ్చి, మళ్లీ లేపి తినిపించాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే.

పక్కన ఉండేవాళ్లకు

యోబు స్నేహితులు చేసిన ఒక్క మంచి పని ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చోవడం. మీరు పది నిమిషాలు కూర్చోండి. "సమస్తమూ మేలు కోసమే" అని రోమా 8:28ని రోగి మీద ప్రయోగించకండి. ఆ వచనం వాళ్లంతట వాళ్లే ఎత్తుకుంటే అప్పుడు "ఆమేన్" అనండి. తల మీద చెయ్యి వేసే ముందు అడగండి, తాకితేనే నొప్పి పుట్టే జబ్బులున్నాయి. చిన్న కీర్తన ఒకటి మెల్లగా చదివి, ఈ రోజు ఏం అడగమంటారని అడిగి, ఆ ఒక్కటే ప్రార్థించండి. వాళ్లకు నమ్మే శక్తి లేని రోజు మీ నమ్మకంతో ప్రార్థించండి. పక్షవాత రోగిని మోసుకొచ్చిన నలుగురి విషయంలో యేసు చూసింది "వారి విశ్వాసము" అని మార్కు రాశాడు. వెళ్లేటప్పుడు మళ్లీ ఏ రోజు, ఎన్నింటికి వస్తారో చెప్పి వెళ్లండి. "అవసరమైతే ఫోన్ చెయ్యండి" అంటే నొప్పిలో ఉన్నవాళ్లు దాదాపుగా చెయ్యరు.