ఇంట్లోనే లినక్స్ సర్వర్ – ఏడో పాఠం: క్లోన్ చేసిన వీఎంకు పాత ఐపీ, ఆ తర్వాత వచ్చిన చిక్కులు

ఈ పాఠంలో బ్రిడ్జ్ నెట్‌వర్క్ మొదలుపెట్టాలి. దాన్ని ఎనిమిదో పాఠానికి జరుపుతున్నాను. ఆరో పాఠం చేసినవారిలో ఎక్కువమంది క్లోన్ దగ్గరే, అంటే ఒక వీఎంకు (వర్చువల్ మెషీన్, కంప్యూటర్ లోపల నడిచే కంప్యూటర్) అచ్చంగా నకలు తీసే చోటే ఆగిపోయారు. వారు రాసినవి చదివితే ఫిర్యాదులు మూడు రకాలుగా ఉన్నాయి. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి యంత్రంలోకి వెళ్లే దారి) కలిసిన కాసేపటికే బిగుసుకుపోతోంది. ప్యాకేజీలు వేసే ఆప్ట్ తనకు లాక్ (ఒకేసారి ఇద్దరు పనిచేయకుండా ఆపేది) దొరకడం లేదంటోంది. లాక్ ఫైలు తీసేశాక ప్యాకేజీల లెక్క తప్పింది. ఇవి మూడు వేర్వేరు సమస్యలు కావు. మొదటిదాని వల్లే రెండోది వచ్చింది, రెండోదాన్ని వదిలించుకోబోయి మూడోది తెచ్చుకున్నారు. అందుకే ఈరోజు పాఠమంతా ఆ వరుసలోనే సాగుతుంది.

ఎప్పటిలాగే ఆదేశాలను పలికే తీరులో రాస్తున్నాను. కొట్టాల్సిన అక్షరక్రమం ఒకటో పాఠం పట్టికలో ఉంది. మన అమరిక మారలేదు: హోస్ట్ (అసలు యంత్రం) మీద వీఎంలను నడిపే కేవీఎం, వాటిని నిర్వహించే లిబ్‌వర్ట్, వీఎంలలో ఉబుంటు సర్వర్, లిబ్‌వర్ట్ ఇచ్చే డిఫాల్ట్ నెట్‌వర్క్, అంటే 192.168.122.0/24, అందులో హోస్ట్ చిరునామా 192.168.122.1. డీహెచ్‌సీపీ అంటే ఏమిటో, ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి ఎలా వెళ్లాలో మళ్లీ చెప్పను.

మ్యాక్ మారినా ఐపీ మారలేదు

‘వర్ట్-క్లోన్’ కొత్త వీఎంకు కొత్త పేరు, కొత్త యూయూఐడీ (వీఎం గుర్తింపు సంఖ్య), కొత్త మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డు గుర్తు) ఇస్తుంది. డిస్కు లోపల మాత్రం ఒక్క అక్షరం కూడా మార్చదు. “మ్యాక్ వేరు కాబట్టి డీహెచ్‌సీపీ వేరే ఐపీ ఇవ్వాలి కదా” అని చాలామంది అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే ఉబుంటు సర్వర్‌లో 18.04 నుంచి నెట్‌వర్క్ బాధ్యత సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీది. అది డీహెచ్‌సీపీ సర్వర్‌కు తానెవరో చెప్పుకోవడానికి మ్యాక్‌ను వాడదు. /ఈటీసీ/మెషీన్-ఐడీ అనే ఫైలులోని 32 అక్షరాల గుర్తు నుంచి ఒక క్లయింట్ ఐడీ తయారుచేసి పంపుతుంది. డిస్కుకు నకలు తీసినప్పుడు ఆ ఫైలుకూ నకలు వచ్చింది. లిబ్‌వర్ట్ తరఫున చిరునామాలు పంచే డీఎన్‌ఎస్‌మాస్క్, క్లయింట్ ఐడీ వచ్చిందంటే మ్యాక్ కంటే దానికే విలువ ఇస్తుంది. పాత వీఎమే మళ్లీ అడుగుతోందనుకుని పాత ఐపీనే చేతిలో పెడుతుంది.

మీ దగ్గర జరిగింది ఇదేనా అని తేల్చుకోవడానికి రెండు వీఎంలనూ నడుపుతూ హోస్ట్‌లో ‘వర్ష్ నెట్-డీహెచ్‌సీపీ-లీజెస్ డిఫాల్ట్’ కొట్టండి. రెండు వరుసలు ఉండాల్సిన చోట ఒక్కటే కనిపిస్తుంది. తర్వాత ‘వాచ్ ఐపీ నైబర్’ పెట్టి, ఆ ఐపీకి అటూ ఇటూ నుంచి పని తగిలేలా చేసి చూడండి. దాని పక్కనున్న మ్యాక్ ఒకసారి మొదటి వీఎందిగా, ఇంకోసారి రెండో వీఎందిగా మారుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ బిగుసుకుపోవడానికి కారణం ఇదే. మీరు మొదలుపెట్టిన సంభాషణకు చెందిన ప్యాకెట్లు మధ్యలో, దాని గురించి ఏమీ తెలియని వీఎంకు చేరుతున్నాయి.

ఎస్‌ఎస్‌హెచ్ మిమ్మల్ని ఎందుకు హెచ్చరించలేదన్నది ఇంతకంటే ముఖ్యం. ఒకే ఐపీ దగ్గర వేరే యంత్రం పలికితే అది గట్టిగానే అరుస్తుంది. ఇక్కడ అరవలేదు, ఎందుకంటే ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ తాళంచెవులకు కూడా నకలు వచ్చింది. హోస్ట్‌నేమ్ కూడా అదే కావడంతో ప్రాంప్ట్ చూసినా తేడా తెలియదు. ఒక పాఠకురాలు తాను వేసిన ఎంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ మర్నాటికి మాయమైందని రాశారు. మాయం కాలేదు. రెండో వీఎంలో వేస్తున్నాననుకుని మొదటి వీఎంలో వేశారు.

సరిచేయడానికి ఎస్‌ఎస్‌హెచ్‌ను వాడవద్దు. ఏ వీఎంలో ఉన్నారో తెలియని దారిలో వెళ్లి గుర్తింపు ఫైళ్లు మార్చడం ప్రమాదం. నేను ‘వర్ష్ కన్సోల్’ వాడతాను, బయటికి రావడానికి కంట్రోల్‌తో పాటు ముగింపు చదరపు బ్రాకెట్. తెర ఖాళీగా కనిపిస్తే ఆ వీఎంలో సీరియల్ కన్సోల్ లాగిన్ తెరిచి లేదని అర్థం. వర్ట్-మేనేజర్ కిటికీలో పని కానివ్వండి.

క్లోన్‌లో మొదట ‘ఎల్‌ఎస్ మైనస్ ఎల్ /వార్/లిబ్/డీబస్/మెషీన్-ఐడీ’ చూడండి. అది /ఈటీసీ/మెషీన్-ఐడీ వైపు చూపే లింకు అయితే సరే. విడి ఫైలు అయితే దాన్ని తీసేయండి. కొత్త గుర్తు తయారుచేసే ముందు సిస్టమ్‌డీ అక్కడ వెతుకుతుంది, దొరికితే పాతదాన్నే తెచ్చి పెడుతుంది. “మూడుసార్లు చేసినా అదే ఐడీ వస్తోంది” అన్నవారికి జవాబు ఇదే. ఆ తర్వాత ‘సుడో ట్రంకేట్ మైనస్ ఎస్ 0 /ఈటీసీ/మెషీన్-ఐడీ’. ఫైలును తొలగించకండి, ఖాళీ మాత్రమే చేయండి. రీబూట్‌లో కొత్త గుర్తు వస్తుంది. కేవీఎం లోపలైతే వీఎం యూయూఐడీ నుంచే వస్తుంది, దాన్ని వర్ట్-క్లోన్ ముందే మార్చి ఉంచింది. తర్వాత /ఈటీసీ/ఎస్‌ఎస్‌హెచ్‌లోని హోస్ట్ తాళంచెవులు తీసేసి ‘సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్’ కొడితే కొత్తవి తయారవుతాయి. చివరగా ‘హోస్ట్‌నేమ్‌సీటీఎల్’తో పేరు మార్చండి.

నెట్‌వర్క్ అమరికలుండే నెట్‌ప్లాన్ ఫైలులో ‘డీహెచ్‌సీపీ-ఐడెంటిఫైయర్’కు ‘మ్యాక్’ అని రాస్తే సరిపోతుందని కొందరు రాశారు. నిజమే, ఐపీలు విడిపోతాయి. నాకు ఆ మందు నచ్చదు. రెండు యంత్రాలకు ఒకే గుర్తు అలాగే మిగులుతుంది; జర్నల్ లాగ్‌లు ఆ గుర్తు పేరుతోనే భద్రమవుతాయి, రేపు రెండింటి లాగ్‌లను ఒకచోట చేర్చినప్పుడు ఏది ఎవరిదో తేలదు. నా దగ్గరి దారి వేరు. మూల వీఎంను పూర్తిగా ఆపి, క్లోన్ తీసి, ఆ క్లోన్‌ను ఒక్కసారి కూడా నడపకముందే దాని మీద ‘సుడో వర్ట్-సిస్‌ప్రెప్’ నడుపుతాను. మెషీన్-ఐడీ, హోస్ట్ తాళంచెవులు, పాత డీహెచ్‌సీపీ లీజులు ఒక్క దెబ్బతో పోతాయి. తాళంచెవులు మాత్రం తర్వాత మీరే పుట్టించాలి. నడుస్తున్న వీఎం మీద దీన్ని ఎప్పుడూ వాడవద్దు, డిస్కు పాడవుతుంది.

వర్చువల్‌బాక్స్ వాడేవారికి ఒక మాట. అక్కడ మామూలు న్యాట్ పద్ధతిలో ప్రతి వీఎంకూ 10.0.2.15 రావడం సహజం. ఒక్కో వీఎంకు తనదైన విడి నెట్‌వర్క్ ఉంటుంది కాబట్టి అవి ఢీకొనవు. దేన్నీ సరిచేయకండి.

లాక్ ఫైలును తుడిచేయకండి

ఈ భాగాన్ని దయచేసి నెమ్మదిగా చదవండి. లాక్ దొరక్కపోతే ఆ ఫైలును తుడిచేయమని అందరూ చెప్పే సలహా చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే దానివల్ల బాగున్న యంత్రాలు పాడవుతున్నాయి.

మీకు జరిగింది ఇది. క్లోన్‌లో ‘ఆప్ట్ ఇన్‌స్టాల్’ కొట్టారు. అది కొనసాగించమంటారా అని అడిగి ఆగింది. సరిగ్గా అప్పుడు ఐపీ గొడవ వల్ల ఎస్‌ఎస్‌హెచ్ బిగుసుకుంది. మీరు కిటికీ మూసేశారు. ఆ మూసివేత సంగతి వీఎంకు చేరలేదు, చేరే దారి తెగింది కదా. కాబట్టి లోపల ఆప్ట్ ఇంకా మీ జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉంది. మీరు మళ్లీ లోపలికి వెళ్లి ఆప్ట్ నడిపితే, /వార్/లిబ్/డీపీకేజీ/లాక్-ఫ్రంటెండ్ మీద లాక్ దొరకలేదని, ఫలానా నంబరు ప్రాసెస్ దాన్ని పట్టుకుని ఉందని చెప్పింది. ఆ నంబరును చదవకుండా, ఫైలును తుడిచే ‘ఆర్‌ఎమ్’ కొట్టారు.

ఆ ఫైలు ఉండటమే లాక్ అనుకోవడం దగ్గరే అసలు పొరపాటు మొదలవుతుంది. ఏ సమస్యా లేని ఉబుంటులో, ఆప్ట్ ఏదీ నడవనప్పుడు వెళ్లి చూడండి. ఆ ఫైలు అక్కడే ఉంటుంది, 0 బైట్లతో. ఎప్పుడూ ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన ఏదీ ఆగదు. లాక్ అనేది ఒక ప్రాసెస్ ఆ ఫైలును తెరిచి కెర్నెల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని) అడిగి తీసుకునే హక్కు. ప్రాసెస్ ముగిస్తే, అది ఎంత ఘోరంగా కూలినా సరే, కెర్నెల్ ఆ హక్కును వెంటనే వదిలేస్తుంది. కాబట్టి “పాత లాక్ మిగిలిపోయింది” అనే మాటకు ఇక్కడ అర్థం లేదు. లాక్ ఉందంటే పట్టుకున్న ప్రాసెస్ ఇప్పుడు, ఈ క్షణాన బతికి ఉంది.

మరి ఫైలును తుడిస్తే ఏమవుతుంది? డైరెక్టరీలోంచి పేరు పోతుంది. పాత ప్రాసెస్ చేతిలో ఫైలు అలాగే ఉంటుంది, దాని మీది హక్కూ అలాగే ఉంటుంది. కొత్త ఆప్ట్ అదే పేరుతో ఇంకో ఫైలు పుట్టించి, దాని మీద లాక్ తీసుకుంటుంది. ఇప్పుడు ఇద్దరికీ లాక్ ఉంది, ఇద్దరివీ వేర్వేరు ఫైళ్ల మీద. చాలామంది అంతటితో ఆగరు. ఆప్ట్ కింద అసలు పని చేసే డీపీకేజీ సొంత లాక్, డౌన్‌లోడ్‌ల లాక్, ప్యాకేజీ జాబితాల లాక్ కలిపి నాలుగూ తుడిచేస్తారు. అప్పుడు రెండు డీపీకేజీలు ఒకేసారి పనిచేయడానికి అడ్డేమీ ఉండదు.

డీపీకేజీ మొదలవగానే /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్ ఫైలు మొత్తాన్ని జ్ఞాపకంలోకి చదువుకుంటుంది. మార్పులను తన లెక్కలో చేర్చుకుని, చివరికి కొత్త స్టేటస్ రాసి పాతదాని స్థానంలో పెడుతుంది. ఇద్దరు గుమాస్తాలు ఒకే ఖాతా పుస్తకానికి ఉదయం చెరో నకలు తీసుకుని, సాయంత్రం చెరొకరు పూర్తి పుస్తకం తెచ్చి బల్ల మీద పెడితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. రెండోవాడి పుస్తకమే మిగులుతుంది. మొదటివాడు వేసిన ప్యాకేజీల ఫైళ్లు డిస్కు మీద ఉంటాయి, లెక్కలో ఉండవు. ఆ తర్వాత వారాల తరబడి ఆప్ట్ చెప్పే వింత మాటలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

లాక్ సందేశం వస్తే ‘సుడో ఎల్‌ఎస్‌ఓఎఫ్ /వార్/లిబ్/డీపీకేజీ/లాక్-ఫ్రంటెండ్’ కొట్టి ఎవరు పట్టుకున్నారో చూడండి. అన్అటెండెడ్-అప్‌గ్రేడ్స్ అయితే ఆగండి. చాలా రోజులు ఆపి ఉంచిన వీఎంను తెరిచినప్పుడు తప్పిపోయిన అప్‌డేట్లను అది పూర్తిచేసుకుంటుంది. ‘మైనస్ ఓ డీపీకేజీ::లాక్::టైమౌట్=300’ జతచేస్తే ఆప్ట్ మీ తరఫున 5 నిమిషాల వరకు వేచి ఉంటుంది. పట్టుకున్నది మీరు వదిలేసిన ఆప్ట్ అయితే ‘పీఎస్‌ట్రీ మైనస్ పీ’తో దాని కింద డీపీకేజీ ఉందా అని చూడండి. లేకపోతే మామూలు ‘కిల్’ చాలు, మైనస్ 9 అక్కర్లేదు. డీపీకేజీ ఉండి పని జరుగుతుంటే ముట్టుకోవద్దు. అది మూసిపోయిన కిటికీలో ఏదో ప్రశ్న అడిగి ఆగి ఉంటే, ఆపడం తప్ప దారి లేదు. తర్వాత ‘డీపీకేజీ --కాన్ఫిగర్ మైనస్ ఏ’ మిగిలిన పని పూర్తిచేస్తుంది.

ఈ అవస్థ మొత్తం తప్పాలంటే ఎస్‌ఎస్‌హెచ్ మీద ఆప్ట్‌ను టీమక్స్ లోపలే నడపండి. లైను తెగినా తిరిగి వచ్చి అదే ప్రశ్నకు జవాబు ఇవ్వవచ్చు. నా వీఎంలన్నింటిలో ఉబుంటు ఎక్కించాక నేను మొదట చూసుకునేది అదే.

ఇప్పటికే తుడిచేసినవారు: ‘డీపీకేజీ --ఆడిట్’, తర్వాత ‘డీపీకేజీ --కాన్ఫిగర్ మైనస్ ఏ’, తర్వాత ‘ఆప్ట్ మైనస్ ఎఫ్ ఇన్‌స్టాల్’. స్టేటస్ ఫైలే చెడితే పక్కన స్టేటస్-ఓల్డ్ ఉంటుంది, /వార్/బ్యాకప్స్‌లో పాత నకళ్లు ఉంటాయి. ఆ తర్వాత /వార్/లాగ్/డీపీకేజీ.లాగ్ చూసి, నకలు తీసిన తర్వాత వేసిన ప్యాకేజీలను ‘ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్’తో మళ్లీ వేయండి.

స్నాప్‌షాట్‌కు వెళ్లినవారికి

కొందరు ఇవన్నీ వద్దనుకుని స్నాప్‌షాట్‌కు, అంటే ముందు భద్రపరచిన వీఎం స్థితికి తిరిగి వెళ్లారు. మంచి నిర్ణయమే. అయితే నడుస్తున్న వీఎం నుంచి తీసిన స్నాప్‌షాట్ అయితే దాని గడియారం కూడా ఆ రోజుకే వెళ్తుంది. అప్పుడు ‘ఆప్ట్ అప్‌డేట్’ రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదంటుంది. మిర్రర్ (ప్యాకేజీలు తెచ్చుకునే సర్వర్) మార్చి ప్రయోజనం లేదు. ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ చూసి, ‘సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ సిస్టమ్‌డీ-టైమ్‌సింక్‌డీ’ కొట్టండి. సమయం సరిచేయడానికి దాని బదులు క్రోనీ ఉంటే ‘క్రోనీసీ మేక్‌స్టెప్’. తేడా కచ్చితంగా 5 గంటల 30 నిమిషాలు ఉంటే అది స్నాప్‌షాట్ వల్ల కాదు, హార్డ్‌వేర్ గడియారంలో ఉన్నది భారత సమయమా, యూటీసీనా అన్న విషయంలో హోస్ట్‌కూ వీఎంకూ పొత్తు కుదరలేదు.

అభ్యాసం

ఇది ఒక సాయంత్రంలో అయ్యేది కాదు, ఆదివారం పెట్టుకోండి. ఒక మూల వీఎం నుంచి మూడు క్లోన్‌లు తీయండి. ఒకదానికి సిస్‌ప్రెప్ చేయండి, రెండింటిని అలాగే వదలండి. హోస్ట్‌లో వర్‌బీఆర్0 (డిఫాల్ట్ నెట్‌వర్క్ బ్రిడ్జ్) మీద టీసీపీడంప్‌తో ఏఆర్‌పీ ప్యాకెట్లు (ఏ ఐపీ ఏ మ్యాక్‌దో చెప్పుకునే సందేశాలు) చూస్తూ, ఒకే ఐపీ తనదేనని రెండు మ్యాక్‌లు చెప్పుకోవడాన్ని పట్టుకోండి. ఆ రెండు వరుసలు కాగితం మీద రాసుకోండి. తర్వాత ఎస్‌ఎస్‌హెచ్ ముట్టుకోకుండా, కన్సోల్ నుంచే రెండింటినీ విడదీయండి.

సిస్‌ప్రెప్ చేసిన వీఎంలో రెండు టెర్మినల్‌లు తెరవండి. ఒకదానిలో, జవాబు అడిగి ఆగేలా, ఆధారపడే ప్యాకేజీలు ఎక్కువున్న ఏదైనా ఆప్ట్‌తో మొదలుపెట్టి అలాగే వదలండి. రెండోదాంట్లోంచి ఆ ప్రాసెస్ నంబరు, అది నడుస్తున్న టెర్మినల్, దాని తల్లి ప్రాసెస్ కనుక్కోండి. ఇప్పుడు లాక్-ఫ్రంటెండ్‌ను తుడవకుండా వేరే పేరుకు మార్చి, /ప్రాక్‌లో ఆ ప్రాసెస్ తెరిచి ఉంచిన ఫైళ్ల జాబితాలో ఏ పేరు కనిపిస్తోందో చూడండి. పేరును తిరిగి మార్చాకే ప్రాసెస్‌ను ఆపండి. పేరు మారినప్పుడు లాక్ ఎవరి చేతిలో ఉందో, ఎందుకో మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాసి పంపండి. ఎనిమిదో పాఠంలో బ్రిడ్జ్ కట్టేటప్పుడు ఈ మూడు క్లోన్‌లే కావాలి, చెరిపేయకండి.