చెక్క బోర్డు మీద రంగు లేస్తోందా? ముందు ఒక నీటిచుక్క వేసి చూడండి

పాత చెక్కముక్క, ఇంట్లో మిగిలిపోయిన రంగు, అక్షరాలు కోసిన ఒక స్టెన్సిల్, ఒక కొవ్వొత్తి ఉంటే చాలు, పాతకాలపు దుకాణం బోర్డులాంటిది చేసి గోడకు తగిలించుకోవచ్చు. ఖర్చు పెద్దగా ఉండదు. తేడా కొడితే మాత్రం అదే చెక్కను మొదటినుంచి మళ్లీ రుద్దుకోవాలి, చేతులు పడిపోతాయి. చెక్క కోయడం, రుద్దడం, రంగు వేయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

ఎవరు ఏ సమస్య చెప్పినా నేను మొదట అడిగేది ఒకటే, నీటిచుక్క వేసి చూశారా అని. చూసి ఉండరు. కొత్త రంగు డబ్బా కొని ఉంటారు, బ్రష్ మార్చి ఉంటారు, టేపు మార్చి ఉంటారు, ఈ ఒక్కటీ చేసి ఉండరు. వేలితో ఒక చుక్క నీళ్లు బోర్డు మీద పెట్టి అర నిమిషం ఆగండి. పచ్చి చెక్క అయితే చుక్క ఇంకి ఆ చోటు ముదురు రంగుకు తిరగాలి. రంగు వేసిన బోర్డు అయితే ఇంకకపోయినా కనీసం పల్చగా పరుచుకోవాలి. అలా కాకుండా తామరాకు మీద బొట్టులా గుండ్రంగా నిలబడిందంటే అక్కడ నూనో, మైనమో, పాత వార్నిషో ఉంది. దాని మీద నీటి ఆధారిత రంగు ఎంత ఖరీదైనది వేసినా నిలవదు. ఒకచోట చూసి వదిలేయకుండా అంచుల్లో, మధ్యలో, అక్షరాలు వచ్చే చోట విడివిడిగా వేసి చూడండి. అలా ఎందుకో కింద చెబుతాను.

అక్షరాల అంచులు పాకాయి

బ్రష్ మీద రంగు ఎక్కువైంది, అంతే. టేపును, స్టెన్సిల్‌ను అనుమానించే ముందు బ్రష్‌ను అనుమానించండి. రంగులో ముంచాక పాత గుడ్డ మీద రుద్దండి, ఇక ఇందులో రంగేమీ లేదు అనిపించేదాకా. ఆ తర్వాత నిలువుగా పొడుస్తూ వేయండి, పక్కకు ఈడ్చకండి. పల్చగా రెండు మూడుసార్లు వేస్తే నిండుతుంది.

చెక్క బాగా గరుకుగా ఉంటే ఇంకో ఉపాయం ఉంది. స్టెన్సిల్ అతికించాక, అక్షరాల రంగు కన్నా ముందు బోర్డుకు వేసిన రంగునే అంచుల మీద ఒకసారి కొట్టండి. పాకాల్సిందేదో అదే పాకి సందులు మూసేస్తుంది. ఇప్పటికే పాకి ఉంటే ఆరాక బ్లేడు మొనతో గీకండి. కాస్త అరిగినట్టు కనిపిస్తుంది, మనకు కావాల్సిందీ అదేగా.

రంగు పెచ్చులుగా లేస్తోంది, లేదా వార్నిష్ గుంటలు గుంటలుగా విడిపోతోంది

లేచిన పెచ్చును పారేయకండి. తిరగేసి, దీపం దగ్గర పట్టుకుని వెనకవైపు చూడండి. సగం జవాబు అక్కడే ఉంటుంది.

వెనక చెక్క పీచు అంటుకుని వచ్చిందా? రంగు తప్పేమీ లేదు. ఎండకూ వానకూ బూడిద రంగుకు తిరిగిన పాత చెక్కలో పైపొర చచ్చిపోయి ఉంటుంది, రంగు దాన్ని పట్టుకునే ఊడింది. 80 నంబరు శాండ్‌పేపర్‌తో గట్టి చెక్క తగిలేదాకా రుద్దండి. పిండిలాంటి పొడి ఉందా? రుద్దిన దుమ్ము తుడవలేదు. వెనక నున్నగా, మెరుస్తూ, వేలికి కొంచెం జిడ్డుగా ఉందా? అయితే అది ఆరని నూనె స్టెయిన్ (చెక్కలోకి ఇంకి రంగునిచ్చే పూత) అయ్యుండాలి, లేకపోతే మైనం.

నూనె స్టెయిన్ సంగతి ముక్కే చెబుతుంది. చేతికి ఆరినట్టే తగులుతుంది, దగ్గరగా వాసన చూస్తే ఇంకా ఘాటుగా కొడుతుంది. వాసన పూర్తిగా పోయేదాకా ఆగడమే మందు. డబ్బా మీద రాసిన గంటలు గాలి ఆడే పొడి గదికి సరిపోతాయి, ఉక్కపోతలో అంతకు రెట్టింపు పట్టినా ఆశ్చర్యం లేదు.

మైనం అలా కాదు. దానికి వాసన లేదు, రంగు లేదు, ఎన్నాళ్లు ఆగినా ఆరదు. ఈ పనిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ విసిగించింది ఇదే.

కొవ్వొత్తితో అరిగినట్టు చూపించే పద్ధతి అందరికీ తెలిసిందే. కింద ఒక రంగు వేసి, ఆరాక అంచుల మీద కొవ్వొత్తి రుద్ది, పైన ఇంకో రంగు వేసి, అది ఆరాక శాండ్‌పేపర్ పెడతాం. మైనం ఉన్నచోట పై రంగు ఊడి కింది రంగు బయటపడుతుంది. చవకైన పద్ధతి, చక్కగా పనిచేస్తుంది. అయితే రుద్దాక ఆ మైనం ఎక్కడికి పోయిందని ఎవరూ ఆలోచించరు. కొవ్వొత్తుల మైనం 50, 60 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. గబగబా రుద్దితే పుట్టే వేడికి అంతకన్నా చాలా ముందే మెత్తబడుతుంది. మెత్తబడి శాండ్‌పేపర్ గరుకులోకి ఎక్కుతుంది. అంచులు అయ్యాక మనం అదే కాగితంతో బోర్డు మధ్యలో కూడా నాలుగు చేతులు వేస్తాం, నున్నగా ఉంటుందని. అలా మైనం అసలు రుద్దని చోట కూడా పల్చని పొరగా పూసుకుంటుంది. తర్వాత దుమ్ము తుడిచిన గుడ్డ మిగతా బోర్డుకు కూడా దాన్ని పంచిపెడుతుంది.

దాని మీద అక్షరాలు వేస్తే చక్కగానే పడతాయి, ఆరతాయి. ఫొటోలు కూడా తీసుకుంటారు. కొన్ని వారాలయ్యాక ఏ అక్షరం మూలకో గోరు తగిలి పెచ్చు లేస్తుంది, పట్టుకుని లాగితే సగం అక్షరం వచ్చేస్తుంది. ఊడేది అంచుల్లో కాకుండా నట్టనడుమ కాబట్టి కొవ్వొత్తి మీద ఎవరికీ అనుమానం రాదు. రంగును తిడతారు. ఇంకా మంచి రంగు తెచ్చి, ఊడినచోట మళ్లీ వేస్తారు. అదీ ఊడుతుంది.

పట్టుకోవడానికి రెండు గుర్తులున్నాయి. మొదటిది మీరు వాడిన శాండ్‌పేపర్. గరుకు మధ్యలో రంగు కలిసిన మెరిసే ఉండలు ఇరుక్కుని, దులిపినా రాలకపోతే అది మైనమే. ఒట్టి రంగు పొడి అయితే రాలిపోతుంది. రెండోది, బోర్డును కంటి ఎత్తుకు పడుకోబెట్టి పక్కనుంచి దీపం వేసి చూడడం. మెరుపు లేని రంగు మీద మీ చెయ్యి తిరిగిన దారినే సన్నని మెరుపు చారలు కనిపిస్తాయి. ఆ చార మీద నీటిచుక్క, దాని పక్కన ఇంకో చుక్క పెట్టండి, తేడా తెలిసిపోతుంది.

మళ్లీ రుద్దేయకండి. రుద్దేకొద్దీ మైనం ఇంకా లోపలికి, ఇంకా దూరం వెళుతుంది. నీటి ఆధారిత ప్రైమర్ కూడా దాన్ని కప్పలేదు. ముందు కంటికి కనిపించే మైనాన్ని పనికిరాని ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకేయండి. తర్వాత మినరల్ టర్పెంటైన్‌తో తడిపిన తెల్ల గుడ్డతో ఒకే దిక్కుకు తుడవండి. ఒక్కో తుడుపుకు గుడ్డ మడత మార్చాలి. ఇది చాదస్తంగా అనిపిస్తుంది గానీ, అదే మడతతో తుడిస్తే మైనం పోదు, చోటు మారుతుందంతే. కొత్త గుడ్డతో ఇంకోసారి తుడిచి, వాసన పోయాక నీటిచుక్క వేయండి. నిలబడితే మళ్లీ తుడవండి. బాగా ఆరిన అక్రిలిక్ రంగు మామూలుగా టర్పెంటైన్‌కు తట్టుకుంటుంది, అయినా ముందు ఒక మూల చూసుకోండి. థిన్నర్ జోలికి మాత్రం పోకండి, అది అక్రిలిక్‌ను కూడా లేపేస్తుంది. కిటికీలు తీసి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

చుక్క పరుచుకున్నాక 220 నంబరు కొత్త శాండ్‌పేపర్‌తో పైపైన ఒకసారి, దాని మీద షెల్లాక్ ఒక కోటు, ఆపైన అక్షరాలు. ఇక్కడ ఇంకో చిక్కుంది. షెల్లాక్ అంటే లక్క కాబట్టి అందులోనూ సహజంగా మైనం ఉంటుంది. అది తీసేసిన రకాన్ని అడిగి తీసుకోండి. మామూలుదే ఉంటే సీసాను కదపకుండా ఉంచి, అడుక్కి తెల్లగా పేరుకున్నది వదిలేసి పైన తేరుకున్నది వాడండి.

ఈసారి నుంచి అంచులకు వాడే శాండ్‌పేపర్ ముక్క వెనక పెన్సిల్‌తో గుర్తు పెట్టి, దాన్ని అంచులకే ఉంచండి. కొవ్వొత్తిని ఒక్క గీతగా లాగితే చాలు, పూత పూయక్కర్లేదు. మైనమే వద్దనుకుంటే, అక్రిలిక్ రంగు చేతికి అంటకుండా ఆరిన కాసేపటికే తడిగుడ్డతో అంచులు నలపండి, అరిగినట్టే వస్తుంది. మెరుపు కోసం వేసే మైనం పాలిష్ అన్నిటికన్నా చివర. దాని మీద ఇక వార్నిష్ అనే ఆలోచనే పెట్టుకోకండి.

తెల్ల రంగు మీద పసుపు మరకలు

మరక గుండ్రంగా, చెక్క ముడి ఉన్నచోటే వచ్చిందా? పైన్ లాంటి చెక్క ముడుల్లోని జిగురు బయటికి వస్తోంది. చారలు చారలుగా బోర్డంతా ఉంటే కారణం చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం, ఓక్ లాంటివాటిలో అది ఎక్కువ. రెండింటికీ తెల్ల రంగు ఇంకో కోటు వేయడం దండగ. రంగులోని నీరే టానిన్‌ను కరిగించి పైకి లాగుతుంది, నాలుగో కోటు కూడా పసుపెక్కుతుంది. ముడుల మీద రెండు కోట్లు, టానిన్ ఉన్న చెక్క మొత్తానికి ఒక కోటు షెల్లాక్ వేసి ఆ తర్వాతే తెలుపు.

మరకలేమీ లేకుండా బోర్డంతా ఒకేలా పసుపెక్కితే మీరు వేసింది నూనె ఆధారిత పాలియురేథేన్ వార్నిష్. అది కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. తెలుపు మీద నీటి ఆధారితమైనదే వేయాలి.

బోర్డు వంగింది, పలకల మధ్య సందులు వచ్చాయి

చెక్క పచ్చిగా ఉంది, లేదా ముందువైపే రంగు వేశారు. చెక్క పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం తేమను బట్టి ఉబ్బుతుంది, తగ్గుతుంది. గదిలో గాలి తేమ 50 శాతం ఉంటే చెక్కలో తేమ సుమారు 9 శాతం దగ్గర నిలుస్తుంది. వానలో నానిన ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క చట్రం) చెక్క అక్కడికి దిగేదాకా కదులుతూనే ఉంటుంది. తేమ కొలిచే మీటరు కొనక్కర్లేదు. పలకను తూకం వేసి వెనకాల బరువు రాయండి, రెండు రోజులకోసారి మళ్లీ తూచండి. బరువు తగ్గడం ఆగాక పని మొదలుపెట్టండి. ముందు ఎన్ని కోట్లు వేస్తే వెనక కూడా అన్ని వేయండి. వెనక అడ్డకర్రను పలకలకు ఆసాంతం జిగురుతో అతికించేయకుండా స్క్రూలతో బిగించండి, స్క్రూ పట్టే రంధ్రం కాస్త వదులుగా ఉంటే పలకలు కదలడానికి చోటుంటుంది.

కాగితం మీది అక్షరాలు చెక్కకు ఎక్కలేదు

ఇంక్‌జెట్ ప్రింట్ వాడి ఉంటారు. జెల్ మీడియంతో (జిగురులా అతికే అక్రిలిక్ జెల్) ఎక్కేది లేజర్ ప్రింటర్, జిరాక్స్ టోనరే, ఇంక్‌జెట్ సిరా తడికి అలుక్కుపోతుంది. అద్దంలో కనిపించినట్టు తిప్పి ప్రింట్ తీయాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. కాగితం కింద గాలి బుడగలు లేకుండా నొక్కి రాత్రంతా ఆరనిచ్చి, తడిపి, వేలి కొసతో మెల్లగా దొర్లించండి. ఇక్కడ తొందరపడితే కాగితంతో పాటు అక్షరమూ పోతుంది.

పగుళ్లు రాలేదు

పాత రంగులా పగుళ్లు తెప్పించడానికి పై రంగు కింద తెల్ల జిగురు పూస్తాం. అది పూర్తిగా ఆరిపోయాక మీరు రంగు వేశారు. వేలికి బంకగా తగులుతున్నప్పుడే వేయాలి, అదీ ఒకే ఊపులో. వేసినచోట బ్రష్ మళ్లీ తిప్పితే పగుళ్లు కలిసిపోతాయి. జిగురు మందంగా ఉంటే పెద్ద పగుళ్లు, పల్చగా ఉంటే సన్నవి.

వెనిగర్, స్టీల్ వూల్ ద్రావణానికి చెక్క నల్లబడలేదు

స్టీల్ వూల్ అంటే సన్నని ఇనుప పీచు, దాన్ని వెనిగర్లో నానబెట్టి చేసే ద్రావణం చెక్కను పాతదానిలా నల్లబరుస్తుంది. ఆ ద్రావణంలోని ఇనుము టానిన్‌తో కలిస్తేనే నలుపు వస్తుంది. పైన్‌లో టానిన్ తక్కువ. చిక్కటి టీ డికాషన్ ముందుగా పూసి, ఆరాక ద్రావణం వేయండి. స్టీల్ వూల్‌కు నూనె ఉంటుంది, సబ్బుతో కడిగి వాడండి. సీసా మూత మాత్రం బిగించకండి, లోపల హైడ్రోజన్ పుడుతుంది.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, పాతగా మాత్రం కనిపించడం లేదు

అంతటా ఒకేలా అరగదీశారు. నిజంగా పాతబడిన బోర్డు మూలల్లో, కింది అంచున, పట్టుకుని దించే చోట, మేకుల చుట్టూ అరుగుతుంది. మధ్యలో రంగు వెలుస్తుందే గానీ ఊడదు. చెక్క మీద సుత్తితో, గొలుసుతో వరసగా కొట్టిన సొట్టలు చూడగానే దొరికిపోతాయి. రెండు మూలలు బాగా, ఒక అంచు కొద్దిగా అరగదీసి మిగతాది వదిలేయండి. తళతళలాడే వార్నిష్ కూడా పాత రూపాన్ని చంపేస్తుంది, మ్యాట్ వాడండి.

మిగతావి

చెక్కలో పురుగు, బూజు, నాసిరకం రంగు అని చాలామంది అంటారు గానీ నిజంగా అవే కారణమైన సందర్భాలు తక్కువ. పురుగు పొడి రాలుతుంటే ఆ ముక్క పారేయండి, బాగుచేయడం గిట్టుబాటు కాదు. ప్యాలెట్ మీద ఎంబీ అని ముద్ర ఉంటే అది మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టిన చెక్క, ఇంట్లోకి తేవద్దు. హెచ్‌టీ అంటే వేడి చేసింది, వాడొచ్చు. ఏనాటిదో తెలియని పాత రంగున్న తలుపు, కిటికీ చెక్కలను పొడిగా రుద్దకండి, అందులో సీసం ఉండొచ్చు. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి, విప్పి ఆరుబయట పరిచి ఆరనివ్వండి. బోర్డు గోడ మీద ఒక పక్కకు ఒరుగుతుంటే నడిమికి ఒకే కొక్కెం పెట్టారన్నమాట, రెండు చివర్లకు రెండు పెట్టండి.