వేడిని కొలుద్దాం – 3వ పాఠం: జారిపోయిన డిగ్రీలు

పోయిన పాఠంలో ఒక సూత్రం దగ్గర ఆగాం: వేడి = ద్రవ్యరాశి × విశిష్టోష్ణం × ఉష్ణోగ్రతలో మార్పు. విశిష్టోష్ణం అంటే గ్రాము పదార్థాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావాల్సిన వేడి. నీటికి అది 4.18 జౌళ్లు (జౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం). కాబట్టి నీళ్లు ఎన్ని డిగ్రీలు వేడెక్కాయో చూస్తే, చర్య ఎంత వేడిని వదిలిందో తెలిసిపోతుంది. కాగితం మీద అంతే. కప్పు ముందు కూర్చున్నాకే అసలు చిక్కు తెలుస్తుంది. ఒకపక్క వేడి పుడుతుండగానే ఇంకోపక్క కొంత బయటికి పోతుంటుంది. ఆ పోయినదాన్ని లెక్కలోకి ఎలా తెచ్చుకోవాలో ఇవాళ చూద్దాం.

ఇవాళ్టి చర్య: కాపర్ సల్ఫేట్ ద్రావణంలో జింకు పొడి. కాపర్ సల్ఫేట్ అంటే మైలుతుత్తమే. జింకు ద్రావణంలోకి వెళ్తుంది, రాగి బయటికొచ్చి అడుగున పేరుకుంటుంది. ఆమ్లాన్ని, క్షారాన్ని కలిపితే చర్య రెప్పపాటులో అయిపోతుంది. ఇది మాత్రం రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. అందుకే దీన్ని ఎంచుకున్నాను. చర్య నెమ్మదిగా సాగితేనే వేడి జారిపోవడం అంకెల్లో కనిపిస్తుంది.

రెండు థర్మోకోల్ కప్పులు ఒకదాంట్లో ఒకటి పెట్టి, దొర్లిపోకుండా బీకరులో నిలబెట్టండి. మూతకు రెండు చిల్లులు: ఒకటి థర్మామీటరుకు, ఒకటి కలిపే పుల్లకు. 0.2 మోలార్ ద్రావణం, అంటే లీటరుకు 0.2 మోల్ ఉన్నది, 50 మిల్లీలీటర్లు పోయండి. (మోల్ అంటే పదార్థంలోని కణాలను లెక్కపెట్టే ప్రమాణం.) అందులో కాపర్ సల్ఫేట్ 0.01 మోల్ ఉంటుంది. దానికి సరిపడా జింకు 0.65 గ్రాములే అయినా 3 గ్రాములు తూచుకోండి. రాగి అంతా బయటికి రావాలంటే జింకు మిగిలిపోవాలి. ఆ మిగిలిన జింకు కూడా కాస్త వేడిని తాగుతుంది కదా అంటారా? 3 గ్రాముల జింకు డిగ్రీకి తీసుకునేది సుమారు 1.2 జౌళ్లు. 50 గ్రాముల నీళ్లు తీసుకునేది 209. వదిలేయండి.

కళ్లద్దాలు పెట్టుకోండి. చేతులకు అంటితే కడుక్కోండి, నోటి దగ్గరికి పోనివ్వకండి. మైలుతుత్తం విషం.

ఇప్పుడు గడియారం చూడండి. మొదటి మూడు నిమిషాలూ ఏమీ కలపకుండా నిమిషానికోసారి రీడింగు రాయండి. చాలామంది దీన్ని ఎగ్గొడతారు. ద్రావణం గది వేడికి వచ్చి నిలకడగా ఉందని తెలియాలంటే ఇదొక్కటే దారి. సరిగ్గా మూడో నిమిషంలో జింకు వేసి మూత పెట్టండి. ఆ నిమిషం రీడింగు తీయొద్దు. ఇక ఆపకుండా కలుపుతూనే ఉండాలి, ఎందుకంటే జింకు బరువు, అడుగుకు చేరి కూర్చుంటుంది. మధ్యలో మూత కొంచెం ఎత్తి చూస్తే నీలిరంగు పలచబడి, అడుగున ముదురు గోధుమరంగు మడ్డి కనిపిస్తుంది. అదే రాగి. చూడాలని ఎవరికైనా ఉంటుంది. కానీ ఎత్తిన ప్రతిసారీ కాస్త వేడి పోతుంది, కాబట్టి మొదటి ప్రయోగంలో చూసేసి, లెక్క కోసం రెండోసారి చేయండి.

లెక్క నేర్చుకోవడానికి నేను తయారుచేసిన రీడింగులివి. మొదట 28.0 డిగ్రీల దగ్గర నిలకడ. నాలుగో నిమిషంలో 34.6, ఐదులో 36.8, ఆరులో 37.2. తర్వాత దిగడం మొదలు: ఏడులో 37.0, తొమ్మిదిలో 36.5, పదకొండులో 36.0.

37.2 లోంచి 28.0 తీసేస్తే 9.2 డిగ్రీలు. 50 × 4.18 × 9.2 అంటే 1,923 జౌళ్లు. 0.01 మోల్‌కు ఇంత అయితే మోల్‌కు 192 కిలోజౌళ్లు. పుస్తకాల్లో ఉండే విలువ సుమారు 217. నేను మొదటిసారి చేసినప్పుడు ఇలాంటి అంకే వచ్చింది. తప్పంతా థర్మామీటరుదే అనుకుని దాన్ని తిట్టుకున్నాను. పాపం, అది ఉన్నదే చెప్పింది. ఆరో నిమిషానికి 37.2 చేరేలోపే మూడు నిమిషాల వేడి గోడల్లోంచి, మూతలోంచి పోయింది. థర్మామీటరు చూపించే గరిష్ఠం ఆ నష్టం పోగా మిగిలింది.

మరి పోయినదాన్ని ఎలా పట్టుకోవాలి? గ్రాఫ్ పేపరు తీసుకోండి. అడ్డంగా నిమిషాలు, నిలువుగా డిగ్రీలు. దిగుతున్న చుక్కల మీదుగా స్కేలు పెట్టి గీత గీయండి. ఏడు నుంచి పదకొండు దాకా నాలుగు నిమిషాల్లో ఒక డిగ్రీ తగ్గింది, అంటే నిమిషానికి పావు డిగ్రీ. ఆ గీతను వెనక్కి, జింకు వేసిన మూడో నిమిషం దాకా పొడిగించండి. 38.0 దగ్గర తగులుతుంది. చర్య అంతా ఒక్క క్షణంలో జరిగిపోయి, వేడి పోయే వ్యవధే లేకపోయుంటే థర్మామీటరు చూపించేది దాదాపు అదే. మార్పు ఇప్పుడు సరిగ్గా 10 డిగ్రీలు. వేడి 2,090 జౌళ్లు, మోల్‌కు 209 కిలోజౌళ్లు. వేడి బయటికి వచ్చింది కాబట్టి, అంటే ఇది ఉష్ణమోచక చర్య కాబట్టి, ముందు మైనస్ గుర్తు పెట్టి −209 అని రాయాలి. ఆ గుర్తు మరిచిపోతే లెక్క సగం తప్పినట్టే.

అన్నట్టు, 1782–83 చలికాలంలో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు లావోయిజర్, లాప్లాస్ వేడిని కొలిచినప్పుడు ఈ థర్మామీటరు గొడవే పెట్టుకోలేదు. చుట్టూ మంచు పెట్టి, కరిగి కారిన నీళ్లను తూచారు. గ్రాము మంచు కరగడానికి 334 జౌళ్లు కావాలి. మన 2,090 జౌళ్లకు కరిగేది ఆరు గ్రాముల పైచిలుకే. చిన్న ప్రయోగాలకు మన కప్పే నయం.

209కీ 217కీ మధ్య ఇంకా 8 మిగిలింది. గీత పొడిగించినా ఇది దొరకదు, ఎందుకంటే ఈ వేడి బయటికి పోలేదు. కప్పు, థర్మామీటరు, పుల్ల తాగేశాయి. అవి డిగ్రీకి ఎంత తాగుతాయో మామూలు నీళ్లతోనే కనుక్కోవచ్చు. వచ్చే పాఠంలోపు మీరు ప్రయత్నించండి: కప్పులో 30 డిగ్రీల నీళ్లు 50 గ్రాములున్నాయి. వాటిలో 50 డిగ్రీల నీళ్లు 50 గ్రాములు పోశారు. 40 రావాలి, కానీ 39.8 దగ్గర ఆగింది. వేడినీళ్లు ఎంత కోల్పోయాయి, చన్నీళ్లకు ఎంత చేరింది, తేడా ఎంత? ఆ తేడాను 9.8తో, అంటే కప్పు వేడెక్కిన డిగ్రీలతో, భాగించి, వచ్చిన అంకెను పక్కన రాసి పెట్టుకోండి. 4వ పాఠం దానితోనే మొదలవుతుంది.